పట్టు అంచు మీద రబ్బరు చెప్పు

టీవీలో మా నాయినకు నచ్చిన మనిషి ఒక్కడే. అదీ మనిషి కాదు, కుందేలు.

రోజూ సాయంత్రం పిల్లల కార్యక్రమం ఒకటి వచ్చేది. ఎవరో ఒకాయన తెల్లటి బొచ్చు దుస్తుల్లో దూరి, ఒక చెవి నిలబెట్టి, ఒక చెవి వంచి, ముందు పళ్లు బయటపెట్టి ఎగురుకుంటూ వచ్చేవాడు. గోళ్లు తీసుకోండి, అన్నం పారేయకండి, వస్తువులు జాగ్రత్తగా పెట్టుకోండి అని రోజుకో బుద్ధి చెప్పేవాడు. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకటే పాట. వేలు ఆడిస్తూ "మంచి పిల్లలు పెద్దలకు ఎదురు చెప్పరు!" అనేవాడు. ఆ మాట వచ్చేలోపే మా వాడకట్టు పిల్లలంతా లేచి పారిపోయేవారు. మా నాయిన సరిగ్గా ఆ మాట కోసమే మగ్గం గుంటలోంచి లేచి వచ్చి మంచం మీద కూర్చునేవాడు.

"ఇన్నరా? కుందేలుకున్న తెలివి మీకు లేదు," అనేవాడు మా అక్కనూ నన్నూ చూసి. మీకు అన్నది మర్యాదకే. ఆ మాట నాకే. మా అక్క అసలు నోరు తెరిచేదే కాదు. నాకేమో పుట్టుకతోనే నోరు ఎక్కువ. డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లను పట్టుకుని కుందేలుతో బుద్ధులు చెప్పిస్తే ఒళ్లు మండదా మరి?

అప్పుడే గద్వాల బస్టాండు దగ్గర, దర్జీ కొట్టు పైన, కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో చేరాను. అక్కడ కంప్యూటర్లకు గుడిలో దేవుడికి ఉన్నంత మడి. చెప్పులు మెట్ల మీద విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికి పోవాలి. దుమ్ము పడితే మిషన్లు చచ్చిపోతాయని సార్ భయం. క్లాసు అయ్యేసరికి మెట్ల మీద చెప్పులన్నీ కలిసిపోయి గుట్ట అయ్యేవి. ఒకరోజు నా కొత్త చెప్పుల్లో ఒకటి మాయమైంది. కుంటుకుంటూ ఇంటికి పోతే నాయిన నా కాలి వైపు చూసి ఒక్కటే మాటన్నాడు.

"వస్తువులు జాగ్రత్తగ పెట్టుకోవాలెనని కుందేలు మొన్ననే చెప్పె గదనే."

అంతే. మిగిలిన ఆ ఒక్క చెప్పుతో కుందేలును కొట్టాలనిపించింది. టీవీని కొడితే నాయిన నన్ను కొడతాడు కాబట్టి కంప్యూటర్లో కొడదామని నిర్ణయించుకున్నాను.

నా ఆటలో తెర కింద ఒక ముసలమ్మ ఉంటుంది. చేతిలో రబ్బరు చెప్పు. పైన కుందేలు అటూ ఇటూ ఎగురుతూ నోరు తెరుస్తుంది. నోట్లోంచి బుద్ధిమాట ఒక్కో అక్షరంగా బయటికి వస్తుంటుంది. మాట పూర్తయ్యేలోపు చెప్పు పోయి చెంపకు తగలాలి. తగిలితే "నోర్ముయ్" అని వచ్చి మాట ఆగిపోతుంది. తగలకపోతే ముసలమ్మకు ఉన్న మూడు పళ్లలో ఒకటి రాలిపోతుంది. పళ్లన్నీ రాలితే ఆట ఖతం.

బొమ్మలు ఎట్లా వేయాలని సార్‌ను అడిగితే, గళ్ల కాగితం మీద గీసి, ఏ గడిలో రంగు ఉందో, ఏ గడి ఖాళీయో చూసి మిషన్లో కొట్టుకోవాలి అన్నాడు. నాకు నవ్వాగలేదు. గళ్లలో బొమ్మ వేయడం మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. చీర అంచుల మీద వచ్చే హంసలూ కోట కొమ్ములూ అన్నీ ముందు గళ్ల కాగితం మీద గీసేవే కదా. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలను మగ్గం మీద కడితే, రంధ్రాల ప్రకారం పోగులు లేచి బొమ్మ పడుతుంది. నాయిన కాగితాల కట్టలోంచే ఒకటి తీసుకుని, చెంప మీద చెప్పు అతుక్కున్న కుందేలును గీశాను. చెప్పకూడదు కానీ, భలే వచ్చింది.

ఆట పూర్తయ్యాక సార్ దానికి వ్యాపార కిటుకు చెప్పాడు. బయటి దేశాల్లో ఇట్లా చిన్న ఆటలు చేసేవాళ్లు మొదటి రెండు స్టేజీలు అందరికీ ఊరికే పంచుతారట. రుచి మరిగినవాళ్లు మిగతాది చేసినవాళ్ల దగ్గర కొనుక్కుంటారట. దాన్ని షేర్‌వేర్ అంటారట. నేనూ రెండో స్టేజి చివర "మూడోది కావాలంటే గద్వాల సెంటర్‌కు రావలెను" అని పెట్టాను. అది ఫ్లాపీల్లో బస్సెక్కి వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు పోయింది. సెలవు రోజుల్లో ఎవరెవరో మెట్ల మీద చెప్పులు విడిచి వచ్చి "మూడో స్టేజి ఉన్నదా?" అని అడగడం మొదలుపెట్టారు. మూడో స్టేజి లేదు. నేను చేస్తే కదా ఉండటానికి! జర తయారైతున్నది, మళ్లీ రాన్రి అని సార్ అందరికీ చాయ్ తాగించి పంపేవాడు.

నాకు ఆ టైంలో మూడో స్టేజి చేసే తీరిక లేదు. ఇంట్లో మా అక్క మగ్గం గొడవ నడుస్తోంది.

మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉండేవి. రెండూ సావుకారివే. ఆయన పట్టూ జరీ ఇస్తాడు, మేం నేసిస్తాం, ఆయన కూలి ఇస్తాడు. ఒకదాని మీద నాయిన నేసేవాడు. రెండోదాని మీద మా తాత నేసేవాడు. తాత పోయాక దాని మీద పరుపులు పెట్టుకున్నాం. అక్క పది చదివి ఆపేసి, అప్పటి నుంచి అమ్మతో పాటు నాడెల్లో పెట్టే పోగు కండెలు చుడుతూ ఆ పరుపుల వైపు చూస్తుండేది. మా వాడకట్టులో ఎందరో ఆడవాళ్లు మగ్గం నేస్తారు. మా నాయినకు మాత్రం వాళ్లెవరూ కనబడరు. నాయిన లేనప్పుడు అక్క పరుపులు దించి, గుంటలో కూర్చుని, ఉత్త కాళ్లతో తొక్కుడు పలకలు తొక్కుకుని, మళ్లీ పరుపులు ఎక్కించేది. 

ఒకరోజు సావుకారి వచ్చి, ఖాళీగా ఉన్న మగ్గాన్ని రాజోలిలో ఎవరికో ఇచ్చేస్తానన్నాడు. నాయిన ఎప్పటిలాగే తల వంచుకుని "సరే సావుకారీ" అన్నాడు. సావుకారి ముందు మా నాయిన నోట్లోంచి ఆ మాట తప్ప వేరే మాట రావడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కండెల దగ్గర నుంచి అక్క గొంతు వచ్చింది.

"నేను నేస్త."

సావుకారి నవ్వాడు. నవ్వి, సరే ఒక చీర నెయ్యి అన్నాడు. ఒక్క చీరకు సరిపడా పట్టే ఇస్త. మీ నాయిన చెయ్యి పెట్టొద్దు. తప్పు లేకుంట నేస్తె మగ్గం ఈడనే ఉంటది, ఒక్క తప్పున్నా రాజోలికి పోతది. ఇంతే షరతు. నాయిన ఎంత మాట మీద నిలబడే మనిషంటే, చెయ్యి పెట్టడం కాదు, కన్ను కూడా పెట్టనని రెండు మగ్గాల మధ్య పాత దుప్పటి కట్టేశాడు.

అంచు బొమ్మ గళ్ల కాగితం మీద అక్కే గీసుకుంది. చక్కటి కోట కొమ్ము. అమ్మ ఆ కాగితాన్ని చుట్టి, పక్క వీధిలో అట్టలు కొట్టే ఆయనకు ఇచ్చి వచ్చింది. నాయిన కట్టలోనే పడి ఉన్న నా కుందేలు కాగితం కూడా ఆ చుట్టలో పోయింది, ఆయన దానికే అట్టలు కొట్టేశాడు. పోతే పోయింది, అట్టలు కొట్టేటప్పుడు మనిషి అన్నవాడికి అనుమానం రావద్దా? ఇప్పటికీ అంటాను, తప్పు నాది కాదు. తర్వాత పోయి గట్టిగా నిలదీస్తే ఆయన తాపీగా బీడీ వెలిగించుకుని, "హైదరాబాదుల గిప్పుడు గిట్లాంటి డిజైన్లే నడుస్తున్నయేమో అనుకున్న. మనకెందుకమ్మా," అన్నాడు.

నాకు పరీక్షలు. అక్క మగ్గం వైపు చూడనే లేదు. పరీక్షలు అయిపోయిన రోజు పోయి చూశాను. మామిడిపండు రంగు నూలు చీర, కుంకుమ రంగు పట్టు అంచు. ఆ అంచు పొడవునా ధగధగలాడే జరీలో కుందేలు, చెప్పు, కుందేలు, చెప్పు.

"అక్కా! ఇది నా కుందేలే!"

"తెలుసు," అంది అక్క, అటూ ఇటూ విసురుతున్న నాడె ఆపకుండానే.

"తెలిసి ఎందుకు నేస్తున్నవే?"

"తెలిసేసరికే మూరెడు నేసిన. నడుమల అంచు మారిస్తె తప్పయితది. ఇప్పి మళ్ల నెయ్యనీకి పట్టు లేదు. అట్టలు ఏం చెప్తె గది నేస్త." తర్వాత గొంతు తగ్గించి దుప్పటి వైపు చూపించింది. "నాయినకు చెప్పినవనుకో, నీ పండ్లు రాలగొడ్త."

పక్కన కూర్చుని అంచు నాడె అందిస్తున్న అమ్మ వైపు చూశాను. అమ్మ మొహంలో ఏ మార్పూ లేదు.

"నేనైతె హంస అనుకుంటున్న," అంది.

మగ్గం మీంచి చీర దించిన రోజు సావుకారి భూతద్దం తెచ్చుకుని వచ్చాడు. మంచం మీద చీర పరిచి ఒక కొస నుంచి మొదలుపెట్టాడు. ఆయన బొమ్మ చూడడు, పోగు చూస్తాడు. తిరగేసి చూశాడు. పట్టు అంచు నూలుకు కలిసే చోట గోటితో గీకి చూశాడు. అక్క గోడకు ఆనుకుని నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టి చుట్టి వేలు ఎర్రబడిపోయింది. నేను ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

"తప్పు లేదు," అన్నాడు చివరికి.

నాయినకు పట్టలేని సంతోషం. దుప్పటి తప్పించుకుని ఒక్క ఉదుటున వచ్చాడు. కూతురు నేసిన అంచు మీద చెయ్యి వేసి నిమిరాడు. నిమురుతూ నిమురుతూ ఆగిపోయాడు. ఆ వంగిన చెవిని గుర్తుపట్టాల్సిన మనిషి మా జిల్లాలో ఎవరైనా ఉంటే అది మా నాయినే!

"ఇది కుందేలు గదా?"

"హంస," అంది అమ్మ.

"హంసకు చెవులుంటయా? దాని చెంప కాడ ఏందిది?"

 సావుకారి భూతద్దం మళ్లీ పెట్టి, ఈసారి బొమ్మ చూశాడు. చూసి గభాలున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చెప్పు! పట్టు చీర మీద చెప్పా! పెండ్లి పీటల మీద ఏ పిల్ల కట్టుకుంటదయ్యా దీన్ని? పరువు తీస్తరా నాది? మగ్గం రేపే రాజోలికి పోతది!"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.  ఇంట్లో నోరున్నదాన్ని నేను. నాకే ఆ నిమిషాన నాలుక పీక్కుపోయింది. ఊరందరి ముందూ ఆటలో కుందేలు నోరు మూయించినదాన్ని, అప్పుడు ఉత్తగా నిలబడిపోయాను. నాయిన తల వంచుకున్నాడు. అయిపోయింది, సరే సావుకారీ అంటాడు అనుకున్నాను.

"జర ఆగున్రి సావుకారీ," అన్నాడు నాయిన.

తల ఇంకా వంచుకునే ఉన్నాడు. 

"బొమ్మ గీసింది గీ చిన్న పోరి. దాని సంగతి నేను చూస్త. అట్టలు కొట్టింది ఇంకొకాయన. నేసింది నా పెద్ద బిడ్డ. నేతల తప్పు లేకుంట నెయ్యిమన్నరు. తప్పు యాడున్నదో చూపియ్యున్రి."

"ఏమయ్యా, నాకే ఎదురు మాట్లాడ్తున్నవా?"

నాయిన తల ఎత్తాడు. తనను తానే నమ్మలేనట్టు చూశాడు.

"ఆఁ. మాట్లాడ్తున్న."

సావుకారి కోపంతో మళ్లీ మొదటి కొస నుంచి చూడటం మొదలుపెట్టాడు. అమ్మ తెచ్చిన చాయ్ చల్లారిపోయి మీగడ కట్టింది. ఆయన ఎంత వెతికినా ఒక్క తప్పు పోగు కూడా దొరకలేదు. చివరికి భూతద్దం జేబులో వేసుకుని లేచాడు.

"మగ్గం ఉంచుకోన్రి. ఈ చీర మాత్రం నా దుకాణం గడప తొక్కొద్దు. పట్టు ఖర్చు నీ కూలిల పట్టుకుంట."

"పట్టుకోన్రి," అన్నాడు నాయిన.

అట్లా ఆ చీర అమ్మకు వచ్చింది. ఊరందరికీ పట్టు చీరలకు కండెలు చుట్టిన మా అమ్మ ఒంటి మీద అదే మొదటి గద్వాల చీర. వనపర్తిలో మా మేనమామ కొడుకు పెళ్లికి కట్టుకుపోతే ఆడవాళ్లంతా చుట్టూ చేరి అంచు పట్టుకుని చూశారు. "కొత్త రకం హంస," అని అమ్మ ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. ఇద్దరు అచ్చం అట్లాంటిదే కావాలని అడిగారట కూడా.

అవన్నీ తర్వాతి సంగతులు. సావుకారి వెళ్లిన ఆ సాయంత్రం నాకు అక్షింతలు పడ్డాయి. "ఆ కుందేలు నీకేం పాపం చేసిందే? పిల్లలకు మంచి చెప్పుడు తప్పా?" అని నాయిన అరగంట వాయించాడు. నేను ఒక్క మాటా తిరిగి అనలేదు. అనాలనిపించలేదు. ఇంతలో టీవీలో కార్యక్రమం వచ్చింది. నాయిన అలవాటుగా మంచం మీద కూర్చున్నాడు. లోపల అక్క తాత మగ్గానికి మిగిలిపోయిన కొస పోగుల మీద మళ్లీ నాడె ఆడించడం మొదలుపెట్టింది. ఎవరూ విప్పమనకుండానే నాయిన దుప్పటి విప్పేశాడు. కుందేలు ఎగురుకుంటూ వచ్చి, గోళ్ల గురించీ అన్నం గురించీ చెప్పి, చివరికి వేలు ఎత్తింది.

"మంచి పిల్లలు పెద్దలకు..."

"ఏయ్, ఆ టీవీ బందు చెయ్యే," అన్నాడు నాయిన. "మగ్గం చప్పుడు ఇనవడ్తలేదు."