ఆవంలోకి పోయిన గోరింట

మా నాయన చిత్తూరులో మూడు బంగళాల తోటలు చూసేవాడు. రెండు చిన్నవి. మూడోది వకీలు గారిది. ఆ ఇంటికి మూడు పక్కలా ఛాతీ ఎత్తున గోరింట కంచె ఉండేది. నాలుగు వానలు పడితే చాలు, తల దువ్వని పిల్లలా తయారయ్యేది. నాయన తోటకత్తెరతో రెండు పూటలు కష్టపడితే మళ్ళీ గీత గీసినట్టు చదునుగా వచ్చేది. దారిన పోయేవాళ్ళు ఆగి మెచ్చుకునేవాళ్ళు. కత్తిరించిన కొమ్మలు ఏమైనాయని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మా ఇంట్లో మాత్రం ఒక సంవత్సరమంతా అదే మాట.

తోటలో వచ్చే తక్కిన చెత్తకు బాధ లేదు. కానుగ కొమ్మలు కొడితే వరిమడి వాళ్ళు బండి తోలుకొచ్చి ఎక్కించుకుపోయేవాళ్ళు, ఎరువుగా మడిలో తొక్కడానికి. గరిక పాలామె ఎనుముకు పోయేది. కొబ్బరి ఈనెలతో అమ్మ చీపుర్లు కట్టేది. గోరింటనే ఎవరూ ముట్టరు. ముదిరిన కొమ్మకు ముళ్ళుంటాయి, కాలికి గుచ్చుకుంటాయని రైతులు వద్దంటారు. మేకలామె ఒకసారి మొహమాటానికి తీసుకుపోయింది. మేకలు లేత కొసలు కొరికి తక్కినదంతా వదిలేసినాయి. మరుసటి రోజు పొద్దున ఆ మోపు మా గుమ్మం ముందే ఉంది. ఆషాఢంలో ఒక్క నెల ఆడవాళ్ళు గంపలతో వచ్చి ఆకు దూసుకుపోయేవాళ్ళు. అప్పుడు కూడా పుల్లలు మాకే.

అంతకుముందు నాయన దాన్ని మా వీధి వెనక పారే వంకలో పడేసేవాడు. అందరూ అదే చేసేవాళ్ళు. ఒక వానాకాలం ఆ కొమ్మలు కొట్టుకుపోయి మోరీకి అడ్డం పడి, నీళ్ళు వీధిలోకి ఎక్కినాయి. మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, కొమ్మలు బయటికి లాగించి చూసి, ఇంత గోరింట కంచె ఎవరింట్లో ఉందని వాకబు చేసి, నోటీసు తీసుకుపోయి నేరుగా వకీలు గారి చేతికే ఇచ్చినాడు. ఊరందరికీ నోటీసులు పంపే మనిషికి నోటీసు!

వకీలు గారు కేకలు వేయలేదు. నాయనను వరండా మెట్ల దగ్గర నిలబెట్టి మెల్లగా చెప్పినారు: "ఇంకొక్క కాగితం నా గేటు దాటి లోపలికి వస్తే, నేను వేరే మనిషిని చూసుకుంటాను."

మూడు తోటల్లో మాకు అన్నం పెట్టేది ఆ ఒక్కటే.

కాల్చేద్దామంటే మా వీధంతా బోదగడ్డి కప్పిన కొట్టాలు. ఊరి లోపల ఆకు కాల్చకూడదని దండోరా వేయించి ఉండినారు. మునిసిపాలిటీ బండివాణ్ణి అడిగితే, కంచె కత్తిరించినందుకు నాయనకు వచ్చేదానికంటే దాన్ని ఎత్తుకుపోవడానికి ఎక్కువ చెప్పినాడు. "కత్తిరించేవోని కంటే మోసేవోడు గొప్పోడైనాడు" అని నాయన నవ్వినాడు కానీ, ఆ రోజు సంగటి సగం ముద్ద వదిలేసినాడు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఐదో తరగతితో బడి మానేసినా చదవడం మానలేదు. వకీలు గారి భార్య పాత పుస్తకాలు ఇచ్చేది. గడిచిపోయిన సంవత్సరం డైరీ ఒకటి, సగానికి పైగా ఖాళీగా ఉన్నది, అది కూడా ఇచ్చింది. యుద్ధం రోజులు, కాగితం దొరికేది కాదు. అచ్చు వేసిన వారాన్ని కొట్టేసి, సరైన వారం రాసుకుని, కింద ఆ రోజు సంగతులు రాసేదాన్ని. రాయడానికి ఎన్ని మాటలైనా వచ్చేవి. మనుషుల ముందు ఒక్కటీ వచ్చేది కాదు. కొళాయి దగ్గర అందరూ నీళ్ళు పట్టుకుపోయేదాకా గోడ పక్కన నిలబడి, చివర్న నా బిందె పెట్టేదాన్ని.

అట్లా చివరిదాకా ఉండే ఇంకొక మనిషి వంక అవతల కుండలు చేసే అక్క. ఆమెది సిగ్గు కాదు. అందరితో మాట్లాడటం అయ్యేదాకా కదిలేది కాదు. ఒకరోజు అడవి గార్డును తిడుతోంది.

"కొండకు పోయి నాలుగు పచ్చి రెమ్మలు కోస్తే కొడవలి పెరుక్కున్నాడమ్మా! సర్కారు అడవంట. వాళ్ళ నాయన నాటినట్టు! పచ్చాకు లేకుంటే నల్లకుండ యాడ్నుంచి వస్తాది? వాని మొగం మసి తీసి పూయల్నా?"

అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయినారు. నేను పచ్చాకు అన్న మాట దగ్గరే ఆగిపోయినాను. నా బిందె నిండి పొర్లుతోంది.

"ఏం పాపా, నీళ్ళు పోతా ఉండాయి. యాడుండావు?"

"అక్కా... గోరింట పనికొస్తాదా?"

ఆమె నా మొహం వైపు చూసింది. నాకు గొంతుందని ఆమెకు ఆరోజే తెలిసినట్టుంది.

"ఎంత ఉండాది?"

"బండెడు."

ఆమె అక్కడే బిందె దింపి నాకు చెప్పింది. ఆవంలో కుండలు ఎర్రగా కాలినాక, నిప్పు మీద పచ్చాకు దట్టంగా కప్పి, పైన మట్టి మెత్తి, సందు లేకుండా మూసేస్తారట. పొగ బయటికి పోలేక కుండలకు పట్టి నల్లబడతాయట. పెరుగుకూ పులుసుకూ జనం నల్లకుండే కావాలంటారు. ఆవం ఊరి హద్దు బయట ఉంది కాబట్టి పొగకు ఎవరి అడ్డూ లేదు. కొండకు పోలేక ఆమె ఆకుకు మొహం వాచి ఉంది. మేము ఆకు వదిలించుకోలేక ఉన్నాము.

ఇంటికి వచ్చి నాయనతో "ఆ అక్కకు ఆకు కావాలంట" అని మాత్రం చెప్పినాను. పచ్చిగా ఉండాలన్న మాట మింగేసినాను. నాయన ఎదుట కూడా నా మాటలు అట్లా సగమే వచ్చేవి. నాయన సంబరంగా నాలుగు రోజుల కిందటి కుప్పను బండికెత్తి తోసుకుపోయినాడు.

రెండు రోజుల తర్వాత ఆ అక్క చంకలో ఒక కుండ పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"సూడన్నా, సగం ఎరుపు, సగం నలుపు. గోరింటాకు పెట్టిన నీ మీసం మాదిరి!"

"మీసమైతే నాకిచ్చెయ్యమ్మా, మోసుకుంటా" అన్నాడు నాయన.

"నవ్వులాట కాదప్పా. ఎండినాకు వేస్తే మంట లేస్తాది. నాకు పొగ గావాల, మంట గాదు. పాపకు చెప్పినానే!"

ఇద్దరూ నా వైపు చూసినారు. నేను తలుపు వెనక్కి పోయినాను. పాడైన కుండలు ఆరు మా పంచలోనే వదిలిపెట్టి పోయింది.

ఆ సాయంత్రం డైరీ ముందు పెట్టుకుని లెక్క చూసినాను. అక్క శనివారం సంత కోసం గురువారం ఆవం ముట్టిస్తుంది. వకీలు గారి భార్య మంగళవారం, శుక్రవారం పచ్చని చెట్టుకు కత్తెర తగలనివ్వదు. అంటే బుధవారం సాయంత్రం కత్తిరించి, గురువారం పొద్దున తోలాలి. ఈసారి నాయనకు మొత్తం చెప్పినాను. కంచెను ఒకేసారి కాకుండా వారానికొక పక్క కత్తిరించడం మొదలుపెట్టినాడు. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. నాయన మళ్ళీ రెండు ముద్దలు తినసాగినాడు.

తర్వాత ముసురు రోజులు వచ్చినాయి. ఆదివారం కొత్త జడ్జీ గారు వకీలు గారింటికి టీకి వస్తున్నారని, ఆ బుధవారం మూడు పక్కలా కత్తిరించమన్నారు. కత్తిరించిన రాత్రే వాన మొదలైంది. పొద్దునకు ఆవం గుంత నిండా నీళ్ళు.

"ఆదివారం దాకా ముట్టించలేనన్నా" అంది అక్క. "ఆకు పచ్చిగా ఉంటేనే తే. లేకుంటే వద్దు."

బంగళాలో ఒక్క రెమ్మ ఉండకూడదు. నాయన కుప్పంతా మా ఇంటి ముందు గోడ వారగా దించినాడు. సగం మా వాకిట్లో, సగం వీధిలో. వాన తెరిపిచ్చినప్పుడు ఆకు వాడకూడదని, మంచి ఉపాయమనుకుని నేను బక్కెట్ల కొద్దీ నీళ్ళు పోసి గోనెలు కప్పినాను. శుక్రవారం మధ్యాహ్నం కుప్పలో చెయ్యి పెడితే సంగటి కుండలో పెట్టినట్టు కాలింది. లోపలి ఆకు పసుపు రంగుకు తిరిగి, వాసన వస్తోంది.

అమ్మ తిరుపతిలో పూలమాలలు కట్టే ఇంటి పిల్ల. బయటికి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "పూలబుట్టలో యెవురన్నా నీళ్ళు కుమ్మరిస్తారా? కొమ్మ తాగల్ల, ఆకు తడవగూడదు."

ఇద్దరం కుప్ప విప్పినాము. పండినదాన్ని ఏరి పక్కన పెట్టి, మంచిది చిన్న చిన్న మోపులు కట్టినాము. ఇంట్లో ఉన్న తొట్టి, బక్కెట్లు, అక్క వదిలేసిన ఆరు కుండలు, అన్నింట్లో బెత్తెడు నీళ్ళు పోసి మోపులను నిలబెట్టినాము. పైన తడి గోనెను తగలకుండా కర్రలకు కట్టినాము. మా ఇల్లు కనబడటం మానేసింది. ఎదురింటామె "ఏమమ్మా, అడవి గార్డును పిలిపిద్దునా?" అంది.

శనివారం పొద్దున నాయన బంగళాలో, అమ్మ కొళాయి దగ్గర ఉన్నారు. ఇన్‌స్పెక్టరు గొడుగు వేసుకుని వచ్చినాడు. గోరింట చూడగానే గుర్తుపట్టి, జేబులో నుంచి పుస్తకం తీసినాడు.

"ఎవరిదీ చెత్త?"

ఆయన పెన్సిలు ఆనిస్తే కాగితం వకీలు గారింటికి పోతుంది. నేను తలుపు వెనక నుంచి బయటికి వచ్చినాను.

"చెత్త కాదు సామీ."

"మరేమిటి?"

"ఆవానికి పోయే ఆకు. వానకు ఆవం ఆగింది. రేపు పోతాది."

"నోటి మాట ఎవరైనా చెప్తారు."

నేను లోపలికి పోయి డైరీ తెచ్చి ఆయన చేతిలో పెట్టినాను. ఏ బుధవారం ఏ పక్క కత్తిరించినారో, గురువారం ఎన్ని మోపులు ఆవానికి పోయినాయో అన్నీ ఉన్నాయి అందులో. ఆయన ఒక పేజీ చదివినాడు, ఇంకొకటి తిప్పినాడు. ఒకచోట ఆగిపోయినాడు. ఆ పేజీలో ఏముందో అప్పుడు గుర్తొచ్చింది నాకు. 'ఈరోజు ఇన్‌స్పెక్టరు వీధిలోకి వచ్చినాడు. గొడుగు మనిషికంటే పెద్దది. గాలి వస్తే ఇద్దరిలో ఎవరు ఎవరిని పట్టుకుంటారో.'

నేల చీలితే బాగుండుననిపించింది.

ఆయన డైరీ మూసి నాకు తిరిగిచ్చినాడు. "గొడుగు మా మామగారిది" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "సోమవారం పొద్దున వస్తాను. వీధిలో ఒక్క ఆకు కనపడినా రాస్తాను" అని వెళ్ళిపోయినాడు.

ఆదివారం ఎండ కాసింది. జడ్జీ గారు వకీలు గారి వరండాలో టీ తాగుతున్న వేళకు నేనూ నాయనా బండి తోసుకుంటూ వంక దాటుతున్నాము. అక్క ఒక రెమ్మ తీసి గుప్పిట్లో నలిపి, చెయ్యి విప్పి చూసుకుంది. అరచెయ్యి పచ్చగా తడిసి ఉంది.

"ఉండాది, ఇంకా ప్రాణముండాది" అంది.

పొద్దున ముట్టించిన ఆవంలో ఎర్రటి నిప్పు మీద ఆకు కప్పినాము, అమ్మ ఏరేసిన పండుటాకుతో సహా. తెల్లని పొగ బుసబుసా లేచింది. మంట రాలేదు. అక్కా వాళ్ళాయనా గబగబా మట్టి మెత్తినారు.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి వీధి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి ఉంది. ఆయన గోడ వెనక చూసినాడు, వంకలోకి తొంగి చూసినాడు. పుస్తకం జేబులోనే ఉంచుకుని వెళ్ళిపోయినాడు. మధ్యాహ్నం ఆవం విప్పినారు. కుండలన్నీ నేరేడుపండ్ల మాదిరి ఉన్నాయి. ఒక్కదాని పొట్ట మీద మాత్రం గోరింట రెమ్మ అంటుకుని, నలుపు మధ్య ఎర్రగా దాని అచ్చు పడింది.

"దీన్ని సంతలో యెవురూ కొనరు. నువ్వే పెట్టుకో పాపా" అంది అక్క. ఇప్పటికీ మా ఇంట్లో చింతపండు ఉండేది అందులోనే.

బుధవారం వకీలు గారు నాయనను వరండా మెట్ల దగ్గరికి పిలిచినారు. నాయన తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నిలబడినాడట. "వచ్చే నెల కంచె ఇంకో రెండు వేళ్ళు దించు" అన్నారట ఆయన. అంతే.

ఆ 'వచ్చే నెల' అన్న మాట నాయన ఇంటికి వచ్చి మూడుసార్లు చెప్పినాడు. నేను డైరీలో ఒకసారి రాసుకున్నాను. ఆ రోజు సాయంత్రం వీధి చివర పెద్ద గొడుగు ఒకటి పోతూ కనిపించింది. దాని గురించి ఏమీ రాయలేదు.