చెరుకు బొమ్మకు సూది

పిల్లల వార్డులో నా చేతికి మంచి పేరుంది. నరం దారమంత సన్నగా ఉన్నా, పిల్ల ఏడ్చి ఏడ్చి ఒళ్లు బిగబట్టినా, ఒక్క పోటుతో సూది ఎక్కిస్తాను. నరం దొరకనప్పుడల్లా "అక్కను పిలువున్రి" అంటారు. చేయి మంచిదైతే మనిషికీ మంచి పేరే వస్తుందని ఎవరైనా అనుకుంటారు. పిల్లల దగ్గర ఆ లెక్క చెల్లదు. బాగా పొడుస్తానని అందరినీ నా చేతే పొడిపిస్తారు, అందుకని అందరూ నన్ను చూసే గుక్కపెడతారు.

జహీరాబాద్‌లో నేను పనిచేసే దవాఖానకు చలికాలం వచ్చిందంటే చెరుకు కొట్టేవాళ్ల పిల్లలు వస్తారు. మరాఠీ ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగి, కోహీర్ దిక్కు, ఝరాసంగం దిక్కు చేల పక్కన గుడిసెలు వేసుకుంటాయి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిస్తేనే వాళ్ల లెక్కలో ఒక కత్తి, ఇద్దరికీ కలిపి ఒకటే కూలి. అందుకని తెల్లవారకముందే తల్లి చేలోకి దిగుతుంది, పిల్ల మంచులో గట్టు మీద కూర్చుంటుంది. దగ్గు ముదిరి డొక్కలెగరేసినప్పుడు మా దగ్గరికి ఎత్తుకొస్తారు.

వాళ్లకు తెలుగు రాదు, నాకు మరాఠీ అంతంతమాత్రం. అయినా నేను వార్డులో అడుగుపెట్టగానే తల్లులు ఏమంటారో అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. "సుయివాలీ ఆలీ" అంటారు. సూదిది వచ్చింది అని. అన్నం తినకపోతే సుయివాలీ, మందు కక్కితే సుయివాలీ, నిద్రపోకపోతే సుయివాలీ. మన ఇళ్లలో బూచోడు చేసే ఉద్యోగం వాళ్లు నాకిచ్చారు. ఆ భయం పిల్లలతో ఆగేది కాదు, తల్లులకూ అంటుకునేది. జ్వరం కాస్త తగ్గితే చాలు, మందు పూర్తి కాకముందే పిల్లను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఆ సంగతి హెడ్ సిస్టర్‌కు బాధగా ఉండేది. ఆ ఏడు వార్డుకు ఒక కొత్త సిస్టర్ వచ్చింది. బీదర్ దిక్కు పిల్ల. తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ, ఏది మాట్లాడినా బెల్లం చప్పరిస్తూ మాట్లాడినట్టే ఉంటుంది. హెడ్ సిస్టర్ మా ఇద్దరినీ పిలిచి పని పంచింది.

"గీ పిల్లలు మనల్ని చూస్తేనే వణుకుతున్రు. మొదలు గా భయం పోవాలె," అంది. "చెల్లె, నీకు వాళ్ల మాట వస్తది. ముందు నువ్వు పోయి పిల్లలతోని ఆడు, తల్లులకు ఏం చేస్తమో చెప్పు. సూది టైముకు అక్క వస్తది."

అంటే నవ్వులు ఆమెకు, ఏడుపులు నాకు. ఇంత అన్యాయం పంపకాల్లో అన్నదమ్ములు కూడా చేసుకోరు.

కొత్త సిస్టర్ సూది తీసేసిన సిరంజీలు పిల్లలకిచ్చి నీళ్లు చిమ్మించేది. ఆవిరి మిషన్ మాస్కు ముందు తన ముఖానికి పెట్టుకుని ఏనుగులా తల ఊపేది. పిల్లను బల్ల మీద అదిమిపెట్టకుండా తల్లి ఒళ్లో కూర్చోబెట్టించేది. అన్నీ మంచి పనులే, కాదనను. చూస్తుంటే నా కడుపు మాత్రం పొయ్యి మీద పెట్టినట్టు ఉండేది. చెరుకు కొట్టేవాళ్లు దాచుకుని తెచ్చిన సజ్జ రొట్టె ఆమెకు పెట్టేవాళ్లు. నేను పక్క నుంచి పోతుంటే మూత పెట్టేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం పిల్లలు వార్డులో దవాఖాన ఆట ఆడుకుంటున్నారు. తలా ఒక కొత్త సిస్టర్ అయ్యారు. సుయివాలీ వేషానికి మాత్రం ఎవరూ రాలేదు. చివరికి ఒక స్టూలును గోడకు నిలబెట్టి, అదే సుయివాలీ అని, దాని మీద అందరూ నీళ్లు చిమ్మారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. స్టూలు నయం, దానికి కడుపుమంట ఉండదు.

ఆ సాయంత్రం చాయ్ దగ్గర హెడ్ సిస్టర్‌ను అడిగేశాను. "మేడం, జర పని మార్చున్రి. నేను ఆడిపిస్త, ఆమెను పొడవమనున్రి."

"ఆమె పొడిస్తే నరం దొరికేదాంక పొడుస్తది. పిల్లలు ఆగమైతరు," అంది హెడ్ సిస్టర్. "నీ చెయ్యి మంచిది గదనే."

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. నా చేతిని పొగిడినప్పుడల్లా నాకు ఇంకో ఏడుపు రాసిపెట్టినట్టే.

ఆ రోజుల్లోనే ఒక పిల్ల చేరింది. బడికి పోయే ఈడుకు ఇంకా కొంచెం తక్కువ. చెరుకు ముక్క ఒకదానికి గుడ్డపేలిక చుట్టి, దాన్నే బొమ్మ చేసుకుని చంకలో పెట్టుకుని వచ్చింది. తల్లి చేతుల నిండా చెరుకు ఆకు కోసిన గీతలు. పిల్లకు ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. పూటపూటకూ నరంలోకి మందు పోవాలి. పిల్లేమో నిద్రలో చేతికి పెట్టిన గొట్టం పీక్కునేది. పీక్కున్నప్పుడల్లా మళ్లీ పొడవాలి. మళ్లీ నేనే.

సూది మాట ఎత్తగానే ఆ పిల్ల ఒకటే అడిగేది. "దుఖేల్ కా?" నొప్పి అవుతుందా అని. కొత్త సిస్టర్ బొమ్మను ముద్దు చేస్తూ "నాహీ నాహీ, చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అని మరాఠీలో చెప్పేది. పిల్ల నమ్మి చేయి చాపేది. అప్పుడు నేను పొడిచేదాన్ని. పిల్ల కళ్లు నా వైపు ఎట్లా తిరిగేవో చెప్పలేను. మాట ఇచ్చింది ఆమె, తప్పింది నేను అన్నట్టు ఉండేది. "నొప్పి అయితదని చెప్పరాదు," అన్నాను ఒకసారి. "భయపడ్తది అక్క," అంది కొత్త సిస్టర్. హెడ్ సిస్టర్ కూడా ఆమె వైపే మాట్లాడింది. యథార్థవాది లోకవిరోధి కదా, నా ట్రే తీసుకుని బయటపడ్డాను.

తర్వాత ఒక పొద్దున పిల్ల మళ్లీ గొట్టం పీకేసుకుంది. కొత్త సిస్టర్ ఎప్పటిలాగే నవ్వుతూ మంచం దగ్గరికి పోయింది. పిల్ల ఆమెను చూడగానే కేకపెట్టి తల్లి కొంగులో దూరింది. నేనింకా వార్డులోకి పూర్తిగా రానేలేదు. తియ్యటి మాట వెనకాలే సూది వస్తుందని పిల్ల కనిపెట్టేసింది.

నాకు సంతోషమైంది. దాచడం ఎందుకు, కడుపులో చల్లగా అనిపించింది. అదృష్టం, ఆ చల్లదనం ఎక్కువసేపు నిలవలేదు. తల్లి మూట కట్టుకుంటోంది. దుప్పటి, గిన్నె, చెరుకు బొమ్మ. కూలీల మేస్త్రీ పొద్దున్నే ఫోన్ చేశాడట, పనికి ఎప్పుడొస్తారని.

కొత్త సిస్టర్ బతిమాలింది. తల్లి ఆమె చేయి తోసేసి ఏదో గట్టిగా అంది. కొత్త సిస్టర్ ముఖం చిన్నబోయింది.

"ఏమంటది?" అన్నాను.

"మీరిద్దరు ఒక్కటే అంటుందక్క. నేను నవ్విపిస్తనట, నువ్వు పొడుస్తవట. బతికినా సచ్చినా మా గుడిసెలనే అంటుంది."

పిల్ల డొక్కలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. మందు మధ్యలో ఆపి, ఆ మంచులో, ఆ గుడిసెలో పడుకోబెడితే దగ్గు తిరగబడుతుంది. తిరగబడ్డాక మళ్లీ ఇక్కడికి తెచ్చేసరికి మా చేతుల్లో ఏమీ ఉండకపోవచ్చు. అట్లా ఆలస్యంగా వచ్చిన పిల్లలను నేను చూశాను. అప్పుడు ఎంత మంచి చేయి అయినా ఒకటే.

వెళ్లి తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాకు తియ్యగా మాట్లాడటం రాదు, ఆ పూట కొత్తగా నేర్చుకునే తీరికా లేదు.

"నేను అన్నది అన్నట్టే చెప్పు," అన్నాను కొత్త సిస్టర్‌తో. "బెల్లం పూయకు. సూది నొప్పి అయితది. నేను దాని మీద ఊదినంతసేపు అయితది. ఒక్కసారే పొడుస్త. నరం తప్పితే మళ్ల ముట్ట. తీస్కపోనీ."

"గట్లంటే నిజంగనే తీస్కపోతది అక్క."

"నువ్వు తియ్యగ చెప్తేనే గద పోతున్నది. చెప్పు."

చెప్పింది. తల్లి చేతిలోని మూట కిందపెట్టలేదు, భుజానికీ ఎత్తలేదు. కొంగులోంచి పిల్ల ముఖం బయటికి వచ్చింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల నన్ను అడిగింది, కొత్త సిస్టర్‌ను కాదు.

"దుఖేల్ కా?"

అంత మరాఠీ నాకూ వచ్చు. "హో," అన్నాను. "దుఖేల్. థోడా." అవుతుంది, కొంచెం అని.

పిల్ల నన్ను చాలాసేపు చూసింది. తర్వాత చేయి చాపింది. తల్లి మూట వదిలి పిల్లను గుండెకు ఆనించుకుని కూర్చుంది.

ఇన్నేళ్లు సూదులు ఎక్కించిన నా చేతికి అప్పుడు చెమట పట్టింది. రెండుసార్లు తుడుచుకున్నాను. నరం కనబడలేదు, వేలికి తగిలింది అంతే. పొడిచాను. గొట్టంలోకి రక్తం వచ్చింది. పిల్ల ఏడ్చింది, నేను ఊదాను. ఊదడం ఆపేసరికి ఏడుపు సగానికి వచ్చింది. "అయిపాయె బిడ్డా, అయిపాయె," అన్నాను. తల్లి లేచి, మూట విప్పి, గిన్నెను మళ్లీ మంచం కింద పెట్టింది.

ఆ తర్వాత పక్క మంచానికి కొత్తగా వచ్చిన ఒకామె నన్ను చూసి తన పిల్లాడితో "సుయివాలీ" అనబోయింది. ఈ తల్లి ఆమెను ఆపింది. "సిస్టర్ మ్హణ్," అంది. సిస్టర్ అను అని. నాకు పనేమీ లేకపోయినా సెలైన్ సీసా చూస్తున్నట్టు అక్కడే నిలబడ్డాను, ఇంకోసారి అంటుందేమోనని.

నా కథ ఇక్కడితో సుఖంగా ముగియాలి. కానీ కొత్త సిస్టర్ తెలివైన పిల్ల. ఆ పూట నుంచి ఆమె కూడా "థోడా దుఖేల్" అని చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు ఆమెను ఇంకా ఎక్కువ నమ్మారు. వారం తిరక్కముందే హెడ్ సిస్టర్ అందరి ముందూ అంది, "చూసిన్రా, చెల్లె పిల్లలకు ఉన్నదున్నట్టు ఎంత మంచిగ చెప్తుందో." నా నోట్లో పరుషంగా ఉన్న మాట ఆమె నోట్లో పడగానే మంచిదైపోయింది. ఆ రోజు నేను చాయ్ తాగలేదు.

పిల్లను ఇంటికి పంపే రోజు వచ్చింది. డొక్కలు ఎగరడం పోయింది, ముఖం తేటపడింది. తల్లి కొత్త సిస్టర్ చేతులు పట్టుకుని ఏదేదో చెప్పింది. పిల్ల ఆమె మెడకు చుట్టుకుని ముద్దుపెట్టింది. నేను దగ్గరికి పోగానే గొట్టం తీసిన చేతిని వీపు వెనక దాచేసింది. తల్లి నవ్వి నాకు దండం పెట్టింది గానీ, నేను చూస్తున్నది ఆ దాచిన చేతిని. పొడిచేది లేదని చెప్పడానికి కూడా నాకు మరాఠీ చాలలేదు. వార్డులోంచి వచ్చి నడవాలో కిటికీ దగ్గర నిలబడ్డాను, నాలో నేను కుళ్లుకుంటూ.

కాసేపటికి చూస్తే బయట మెట్ల మీద పిల్ల కూర్చుని ఉంది. తల్లి ఆటో కోసం గేటు దగ్గరికి పోయింది. పిల్ల ఒళ్లో చెరుకు బొమ్మ, చేతిలో సూది లేని సిరంజి. బొమ్మ గుడ్డపేలిక కొంచెం పక్కకు లాగింది. వేలితో తడిమి తడిమి ఒక చోటు వెతికింది. బొమ్మ ముఖంలోకి చూసి, నవ్వకుండా చెప్పింది.

"దుఖేల్. థోడా."

పొడిచింది. వంగి దాని మీద ఊదింది. నేను ఎంతసేపు ఊదుతానో అంతసేపూ ఊదింది. తర్వాత తనకు రాని తెలుగులో, నా గొంతుతో, "అయిపాయె బిడ్డా, అయిపాయె" అంది.

కొత్త సిస్టర్ ఎప్పుడు వచ్చిందో నా పక్కన నిలబడి ఉంది. అంతా చూసింది. ఆమె ముఖం మీద బెల్లం లేదు.

"నా వేషం ఆడతలేదు గదక్క," అంది నెమ్మదిగా.

ఆ గొంతు నాకు తెలుసు. ఆ చలికాలమంతా నా గొంతు అదే. పాపం, చిన్నపిల్ల, ఓదార్చాల్సిందే. కాసేపాగి ఓదారుద్దామని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.