పసుపు దీపం

"ఆ సర్వర్ 'సరే' అనేసి ఊరుకుంటే ఏంటక్కా? ఇక్కడేమో పచ్చ దీపం వెలుగుతుంది, అక్కడ చేపలన్నీ చచ్చి తేలిపోతాయి!"

ఏడాది బిడ్డను తాడేపల్లిగూడెంలో తల్లి వెంకటలక్ష్మికి అప్పగించి, రోజూ రైల్లో ఏలూరు వచ్చి ఉద్యోగం చేసుకునే హిమజ భయం అది. ఆమెకు అన్నీ భయాలే. అందరూ నవ్వేస్తారు. ఈసారి మాత్రం పక్క కుర్చీలోని గీతాంజలి నవ్వలేదు. "తిరకాసంతా అక్కడే ఉందమ్మా," అంది.

గీతాంజలిది ముదినేపల్లి. తండ్రి కోదండరామయ్యకు కొంత వరి చేను, ఒక చేపల చెరువు. ఆమె ఇంజినీరింగు చదివి ఏలూరులోనే ఒక చిన్న కంపెనీలో చేరి, కొల్లేటి చుట్టూ ఉన్న చెరువుల కోసం సి భాషలో, వేరే ప్రోగ్రాంలు పిలిచి వాడుకునే కోడ్‌గా, ఒక లైబ్రరీ రాసింది. చెరువు గట్టున షెడ్డులో చిన్న సర్వర్ ఉంటుంది. ఏలూరులోని ప్రోగ్రాం ఈ లైబ్రరీ ద్వారా దానికి పనులు పురమాయిస్తుంది. చక్రంతో నీళ్లు చిమ్మి గాలి కలిపే ఏరేటర్‌ను తిప్పమంటుంది, ఆపమంటుంది, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసి చెప్పమంటుంది.

పేచీ దీపం దగ్గర వచ్చింది. పని సర్వర్‌కు చేరిందని జవాబు రాగానే తెర మీద పచ్చ దీపం వెలగాలని కంపెనీ నడిపే విజయ్‌కుమార్ పట్టు. ఏరేటర్ చక్రం నిజంగా తిరిగాకే వెలగాలని గీతాంజలి పట్టు. అందుకోసం ఇరుసుకు సెన్సర్ కూడా బిగించింది. చక్రం తిరుగుతోందని అది చెప్పేదాకా పసుపు దీపమే. ఎంతకీ తిరగకపోతే ఎర్రది.

"రైతులు చూడ్డానికొస్తున్నారండీ. నొక్కగానే వెలగకపోతే మన సరుకు నిద్రపోతోందనుకుంటారు," అన్నాడు విజయ్‌కుమార్.

"అనుకోనివ్వండి. చేపలు బతికుంటే చాలు."

రైతులు వచ్చిన రోజు పొద్దుటినుంచీ ముసురు. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ముందుగా సర్వర్ పెట్టించుకున్న పాపారావు తన చెరువు గట్టు మీదే నిలబడి ఉన్నాడు. ఆఫీసులో అందరూ చూస్తుండగా హిమజ ఆ చెరువు ఏరేటర్ మీట నొక్కింది.

పసుపు. ఇంకా పసుపే.

"మా ఉంగుటూరు బస్సే నయమండీ!" అన్నాడు వెనకనుంచి ఒక రైతు. అంతా గొల్లుమన్నారు. విజయ్‌కుమార్ వంగి, "గీతాంజలి గారూ, ఇప్పటికా పచ్చదేదో వెలిగించేయండి, తర్వాత చూసుకుందాం," అని గొణిగాడు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది.

ఎర్ర దీపం వెలిగింది.

గీతాంజలి పాపారావుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "బాబాయ్ గారూ, ఫోన్ కాస్త ఏరేటర్ వైపు పెట్టండి."

నీళ్ల చప్పుడు లేదు. "మోటారు మూలుగుతోంది గానీ చక్రం కదలట్లేదమ్మాయ్! ఏదో చిరిగిన వల, రెక్కలకి చుట్టేసుకుంది. చేపలు నోళ్లు పైకి పెట్టేస్తున్నాయి!"

"ఇక్కణ్ణుంచి ఆపేస్తున్నాను. మీరు షెడ్డులో మెయిన్ కూడా తీశాకే నీళ్లలోకి దిగండి."

వల కోసి తీసి, పాపారావు మళ్లీ మెయిన్ వేశాక హిమజ నొక్కింది. పసుపు, ఆ వెంటనే పచ్చ. ఫోన్‌లోంచి నీళ్లు చిమ్ముతున్న హోరు గదంతా నిండింది.

"తిరుగుతోందమ్మా! బతికించావు!" అని అరిచాడు పాపారావు.

ఉంగుటూరు రైతు గొంతు సవరించుకున్నాడు. "ఏవండీ, మా చెరువుకీ ఈ పసుపు దీపమే పెట్టండి. ఆయ్." విజయ్‌కుమార్ అప్పటికే, "మా గీతాంజలి గారు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారండీ," అని అందుకున్నాడు. అతని దొంగపిల్లి మొహానికి నవ్వొచ్చినా, గీతాంజలి కుర్చీ పక్కన కూర్చునేది తానేనని హిమజకు ఒళ్లంతా గర్వంగా అనిపించింది.

సాయంత్రం అడిగింది. "అలా ఎలా కూర్చోగలిగారక్కా?"

"మా నాన్న చెరువు కాపలా మనిషిని 'ఏరేటర్ వేశావా' అని ఎప్పుడూ అడగరమ్మా. 'ఫోన్ దానికేసి పెట్టు, వింటాను' అంటారు. నేను దాన్నే సి లో రాశాను. నువ్వు కూడా అంతే చెయ్యి. చెప్పాను కదా అని పచ్చ వెలిగించుకోకు, ఏమైందోనని ఎర్ర వెలిగించుకోకు. విను."

ఇప్పుడు హిమజ మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేస్తే పాలు తాగాడా, ఒళ్లు వెచ్చగా లేదు కదా అని గుచ్చి గుచ్చి అడగదు.

"ఫోన్ వాడి దగ్గర పెట్టమ్మా," అంటుంది.