విఠల్ సార్ తెచ్చిన పన్నెండు మెషిన్లు

నిన్న పొద్దున గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. మన విఠల్ సార్ ఇక లేరని.

నమ్మలేదు.

బతికున్నవాళ్ల ఫోటోలకు దండలు వేసి పంపే రోజులివి. మెసేజ్ పెట్టినవాడికి ఫోన్ చేశాను. సంగారెడ్డిలో సార్ ఇంటి పక్కవాళ్లకు చేశాను. ఇద్దరూ ఒకటే చెప్పినా ఆగలేక, బస్సెక్కి వెళ్లి నా కళ్లతో చూసి వచ్చాను.

నిజమే.

నేను ఇక్కడ రాసేది తక్కువ. మీ పోస్టులు చదువుతాను, అంతే. కానీ నిన్న చాలామంది సార్ గురించి మంచిగా రాస్తూనే ఆ మెషిన్ల సంగతి ఎత్తారు. "ఆ ఒక్క పనిలో మాత్రం సార్ ఫెయిల్" అన్నారు. "పిల్లల్ని కంపెనీకి అప్పజెప్పబోయాడట" అని కూడా ఒకరు రాశారు.

అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా ఊరు పటాన్‌చెరు ఫ్యాక్టరీలను ఆనుకొని ఉంటుంది. విఠల్ సార్ మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఊళ్లో సెల్‌ఫోన్లు ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉన్న కాలంలో, హైదరాబాద్ నుంచి ఒక టీమ్ వచ్చి, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు పన్నెండు సార్‌కి ఇచ్చింది.

స్క్రీన్ మీద లెక్క వస్తుంది. పిల్లలు ప్లాస్టిక్ పుల్లతో నొక్కి జవాబివ్వాలి. క్లాసులో ఇవి పనికొస్తాయో లేదో మూడు నెలలు చూస్తారట.

ఊరికే ఎందుకిస్తారు? నాకు అప్పుడే అనుమానం.

మా స్వప్న అప్పుడు ఎనిమిదో క్లాసు. ఇంటికొచ్చి సంబరంగా చెప్పింది.

"బాపూ, ఎన్ని తప్పులు వొయినయ్, ఒక్కో లెక్కకు ఎంతసేపు వట్టింది, అన్ని అదే రాసుకుంటది!"

ఎంతసేపు అన్న మాట దగ్గర నేను కంచం పక్కకు జరిపాను.

నేను గేర్లు చేసే ఫ్యాక్టరీలో ఆపరేటర్ని. అంతకు ముందటి ఏడాది మా సెక్షన్‌లోకి ఒకాయన అలాంటి మెషినే పట్టుకొని వచ్చాడు. మా వెనక నిలబడి, పీసుకు ఎన్ని సెకన్లో నొక్కుకుంటూ పోయాడు. తర్వాత టార్గెట్ పెరిగింది. అందుకోలేని కాంట్రాక్ట్ వాళ్లను గేటు దగ్గరే ఆపేశారు.

నేను బడికి పోయింది మూడో తరగతి వరకే. మిగతా చదువు ప్యాకింగ్ డబ్బాల మీది అక్షరాలు చూసి నేర్చుకున్నాను. షిఫ్ట్ అయ్యాక ఆ రోజు ఎన్ని పీసులు, ఎవరొచ్చారు, ఎవరిని రావద్దన్నారు అని నోట్‌బుక్‌లో రాసుకోవడం నా అలవాటు. పాత పేజీలు తీశాను. మెషిన్ వచ్చిన రోజుకూ, మనుషులు పోయిన రోజుకూ మధ్య నెల కూడా లేదు.

స్వప్న లెక్కల్లో నిదానం. ఇలాంటి పిల్లల్ని ఏరి బడి నుంచి తీసేయడానికే ఇదంతా అనుకున్నాను.

ఆ దెబ్బ తర్వాత ఫ్యాక్టరీలో మేమొక పద్ధతి పెట్టుకున్నాం. టైమ్ చూసేవాడు వస్తే అందరం చెయ్యి నెమ్మది చేస్తాం. ఒక్కడు స్పీడ్ చూపిస్తే మిగతావాళ్లంతా మునుగుతారు.

అదే నా బిడ్డకు చెప్పాను.

"మెషిన్ చేతిల వెట్టిన్రంటె మెల్లగ చెయ్ బిడ్డా. వచ్చిన లెక్క గూడ జెర ఆగి చెయ్. నువ్వొక్కదానివే గాదు, అందరికి చెప్పు."

చెప్పింది. క్లాసులో సగం మంది తండ్రులు ఫ్యాక్టరీల్లోనే పనిచేస్తారు. పిల్లలు ఇంట్లో అడిగితే వాళ్లూ అదే చేయమన్నారట.

మూడో నెల టీమ్ వచ్చింది. నాది ఆ రోజు సెకండ్ షిఫ్ట్. వాళ్లకు సార్ ఎవరి పేర్లు రాసిస్తారో చూద్దామని వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను.

క్లాసు మొత్తం చిన్న చిన్న లెక్కలకు నిమిషాలు నిమిషాలు తీసుకుంటోంది. టీమ్‌లో పెద్దాయన మెషిన్లు సంచిలో పెట్టించి, ఈ పిల్లలు దీనికి పనికిరారని అందరి ముందే అన్నాడు.

హెడ్‌మాస్టర్ ఊరుకోలేదు. "ఏం నేర్పినవయ్యా మూడు నెల్లు?"

"పిల్లలు భయపడ్డరు సార్" అన్నారు విఠల్ సార్. అంతే.

మరునాడు సార్ మా ఇంటికి వచ్చారు. స్వప్న చెప్పేసిందని అర్థమైంది.

"ఏం మల్లేశం, నా క్లాసుల స్ట్రైక్ వెట్టించినవంట? లీడర్‌వి గావాల్సినోనివి, గేర్లకాడ ఏం జేస్తున్నవ్?"

నేను నవ్వలేదు. "గా రాసుకున్నదంత యాడికి వోతది సార్?"

"నేను గూడ గదే అడిగిన. పైకి వోతది అన్నరు. పైన ఎవలంటె చెప్పరు."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. మెషిన్‌లో పిల్లలకు నంబర్లే ఉన్నాయట. ఏ నంబర్ ఎవరిదో ఆ కాగితంలో ఉంది. టీమ్ అడిగినప్పుడల్లా, ఇంకా రాయలేదని మూడు నెలలు తిప్పించుకున్నారట.

"అనుమానం నీ ఒక్కనికే ఉంటదా ఏంది?"

"మరి మాకు చెప్పకపోతిరి సార్."

"నువ్వు అడగకపోతివి."

కాగితం మళ్లీ జేబులో పెట్టుకుంటూ అన్నారు. "నీ బిడ్డ భాగారంల సున్న మరుస్తున్నది. గా తప్పు రెండేండ్లసంది నాకు దొరకలె. మొదటి వారంల, అది మెల్లగ చెయ్యకముందే, గా మెషిన్ల దొరికింది. మిగిలినోళ్లయి దొరకకముందే పాయె."

టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

తర్వాత ఊళ్లో మాట పుట్టింది. పిల్లల్ని కంపెనీకి అప్పజెప్పబోయాడని, బేరం చెడిందని. హోటల్ దగ్గర నా ముందే అన్నారు. ఒక్కసారి కాదు. నేను టీ తాగి లేచి వచ్చేవాణ్ని.

సార్ ఎక్కడా నా పేరు ఎత్తలేదు. రిటైరయ్యే దాకా ఆ నింద మోశారు.

ఆ టీమ్ మీద నాకిప్పటికీ నమ్మకం లేదు. మనవరాలు ఫోన్‌లో పాఠం వింటుంటే, అది ఏం రాసుకుంటోందో అని ఇవాళ్టికీ తొంగి చూస్తాను. కానీ విఠల్ సార్‌ని అనుమానించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆయన ఫెయిల్ కాలేదు. ఎవరినీ ఎవరికీ అప్పజెప్పలేదు. ఆ క్లాసును నెమ్మది చేయించింది నేను. మల్లేశం, స్వప్న నాన్నను.

నిన్న రాసినవాళ్లు ఆ మాట తీసేయండి. అనాలంటే నన్ను అనండి.

సార్, పోయి రండి. ఇక ఏ మాటా తగలని చోట మీ మనసు చల్లగా ఉండాలి.