మ్యాపులో బాట, నేల మీద కందకం

ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపంతో రాస్తున్నది. బండికి శాటిలైట్ నావిగేషన్ పెట్టుకుని జనగామ నుంచి మహబూబాబాద్, కొత్తగూడ మీదుగా భూపాలపల్లి పోవాలనుకునే వాళ్లకు పనికొచ్చే సంగతులు ఇందులో ఉన్నాయి. మధ్యమధ్యలో నా తిట్లు కూడా ఉంటాయి, సర్దుకోండి.

ప్రయాణానికి కారణం ఒక ఫోను. ఎనభైల మొదట్లో నేను బోర్లు వేసే లారీకి ముందు మోటార్‌సైకిల్ మీద పోయి దారి చూసి వచ్చే పనిలో ఉండేవాణ్ని. అప్పట్లో కొత్తగూడ అడవిలో, గుట్టకింది తండాలో, సోమ్లా అనే రైతు జొన్నచేను గట్టున ఒక బోరు వేశాం. నీళ్లు పడలేదు. పైపులు పీక్కుని వచ్చేశాం. నీళ్లు పడని బోరును ఎవరు రాసుకుంటారు, అది ఏ కాగితంలోనూ లేదు. ఇప్పుడు సోమ్లాకు డెబ్బై అయిదు దాటాయి. ఆ చేనుకు పట్టా అడిగితే, ఇది ఎప్పుడూ అడవే, మీరు నిన్నగాక మొన్న నరికారు అన్నారట ఫారెస్టు వాళ్లు. గురువారం పదకొండు గంటలకు తండాలోనే విచారణ. చుట్టరికం లేని పెద్దమనిషి ఒకరు వచ్చి, అప్పట్లోనే అక్కడ సేద్యం చూశానని చెప్పాలి. సోమ్లా కూతురు కమల ఫోను చేసింది. "కాకా, అప్పటోళ్లల్ల నువ్వొక్కనివే మిగిలినవు. ఒంటిగంటకు సార్లు లేసిపోతరట. జర యాళ్లకు రా."

నలభై ఏళ్లలో దారులు మారిపోయి ఉంటాయని ఎనిమిది వేలు పెట్టి హ్యాండిల్‌కు బిగించుకునే నావిగేషన్ డబ్బా కొన్నాను. అరచేతంత తెర, వానకు తడవదు, తెలుగులో మాట్లాడుతుంది. ఒకప్పుడు దారి చూపడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ని డబ్బు పెట్టి దారి కొనుక్కున్నాను. మొదటి తప్పు అక్కడే.

ఏప్రిల్ నెల కాబట్టి ఎండకు ముందే తెల్లారి ఆరింటికి జనగామలో బయలుదేరాను. పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ రెండు గంటల పైచిలుకు. రోడ్డు బాగుంది, దాని మీద నాకు కోపం లేదు. దారిలో రెండుసార్లు టీకి ఆగినా ఎనిమిదిన్నరకు మహబూబాబాద్ స్టేషన్ దగ్గర ఇడ్లీ తింటున్నాను. ప్లేటు నలభై, చట్నీలో కారం ఎక్కువ. హోటలాయన నా బండి మీది డబ్బాను అటూ ఇటూ వంగి చూశాడు.

"ఎందాక సార్?"

"కొత్తగూడ అవుతల తండాకు."

"గూడూరు దాటినంక మనుషుల్ని అడుక్కుంట పొండ్రి. గా డబ్బాకు ఏం తెలుసు?"

"ఎనిమిది వేలు పెట్టిన, తెల్వకుంటె ఎట్ల?" అన్నాను. ఆయన నవ్వి చిల్లర ఇచ్చాడు. ఆ నవ్వు నాకు అప్పుడే ఎక్కి ఉంటే బాగుండేది.

గూడూరు దాటాక అడవి మొదలైంది. పదింపావుకు డబ్బా, "ఎడమవైపు తిరగండి, ఇరవై కిలోమీటర్లు ఆదా అవుతాయి" అంది. తారురోడ్డు నుంచి ఒక మట్టిబాట చీలి లోపలికి పోతోంది. అక్కడ ఒక ముసలవ్వ ఇప్పపూలు ఏరుతోంది. బండి ఆపి, "అవ్వా, గీ బాట తండాకు పోతదా?" అని అడిగాను.

"పోతది నాయినా."

రెండో తప్పు అది. నేను అడిగింది తండాకు పోతుందా అని. పోతుంది కాబట్టి పోతుందంది. బండి పోతుందా అని నేను అడగలేదు, అడగనిది ఆమె చెప్పలేదు. ఈ పక్క మనుషులు అడిగినదానికే జవాబిస్తారు, పెద్దవాడివి, నీ పని నీకు తెలిసే ఉంటుందనుకుంటారు. ఈ మర్యాద నాకు తెలియనిది కాదు. డబ్బా చేతికి వచ్చేసరికి మరిచిపోయాను.

మూడు కిలోమీటర్లు గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయాను. అక్కడ బాటకు అడ్డంగా కందకం. మనిషి నిలువు లోతు, రెండు బారల వెడల్పు, యంత్రంతో నిటారుగా తవ్వి మట్టిని అవతల గుట్ట పోశారు. ఎవరో అనుకోకుండా తీసిన గుంట కాదది, ఈ పక్క నుంచి తండాకు బండ్లు పోకుండా ఫారెస్టు వాళ్లు తెగ్గొట్టిన కోత. డబ్బా మాత్రం, "నేరుగా ముందుకు సాగండి" అంది. నేను ఆగాను. "నేరుగా ముందుకు సాగండి" అని మళ్లీ అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. దాన్ని కొన్నందుకు నన్నూ, తవ్విన వాళ్లనూ, అమ్మిన వాణ్నీ ముగ్గురినీ కలిపి తిట్టాను. అడవిలో వినేవాళ్లు లేరు కాబట్టి కొంచెం గట్టిగానే తిట్టాను.

తెర కింద ఒక మీట ఉంది: 'ఈ దారి లేదని తెలియజేయండి'. నొక్కితే కంపెనీకి పోతుంది, పదిమంది నొక్కితే మ్యాపులోంచి ఆ దారి తీసేస్తారని డబ్బాతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. వేలు దాని మీద పెట్టాను కూడా. చెమటకో ఏమో తెర పలకలేదు. టైము చూస్తే పదీ ముప్పావు. వెనక్కి పోయి కొత్తగూడ మీదుగా తిరిగి రావాలంటే ఎంతసేపో తెలియదు. అవతల తండా మూడు కిలోమీటర్లే. బండికి తాళం వేసి, డబ్బాను ఊడదీసి జేబులో పెట్టుకుని, అరవై నాలుగేళ్ల వయసులో కందకంలోకి జారాను. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. ఎక్కడానికి మూడుసార్లు పట్టింది.

నడుస్తూ కూడా గొణుగుతూనే ఉన్నాను, ఎండిపోయిన ఒక వాగు వచ్చేదాకా. వాగు ఇసుకలో బల్లపరుపు రాళ్లు రెండు వరసలుగా పరిచి ఉన్నాయి. ఆ రెండు వరసల మధ్య ఎడం నాకు తెలుసు. మా బోరు లారీ చక్రాల ఎడం అది. లారీ ఇసుకలో దిగబడుతుందని నేనంటే, సోమ్లా, అతని ఇద్దరు తమ్ముళ్లు నాలుగు రోజులు రాళ్లు మోసి పరిచారు. చెట్ల మధ్య ఈ బాట కొట్టింది కూడా వాళ్లే. నా డబ్బా నన్ను తెచ్చి పడేసింది మా లారీ కోసం వేసిన బాట మీదనే. మొదట్లో నేను పోల్చుకోలేకపోయాను. కొంచెం సిగ్గేసింది, కోపం మాత్రం తగ్గలేదు.

చేను చేరేసరికి పన్నెండుంపావు. గట్టునే వేసిన టెంటు కింద విచారణ అధికారి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక మహిళా గుమాస్తా. ఎదురుగా నేల మీద సోమ్లా. నన్ను చూసి లేవబోయి, "వచ్చినవా సారూ," అని మళ్లీ కూలబడ్డాడు.

ఎనభైల మొదట్లోనే ఇక్కడ జొన్నచేను చూశానని చెప్పాను. అధికారి పాత శాటిలైట్ చిత్రం చూపించాడు. "చూడండి, మొత్తం పచ్చగా ఉంది. ఇక్కడ సేద్యం ఎక్కడిది?"

"అయి ఇప్పచెట్లు సార్," అంది కమల. "మేం చేన్ల ఇప్పచెట్టు కొట్టం. మీదికెల్లి చూస్తె కొమ్మలే కనవడతయ్. పంట కింద ఉంటది."

"సరేనమ్మా. ఈయన చెప్పేది జ్ఞాపకమేగా. ఆధారం కావాలి."

అప్పుడు జేబులోంచి డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను. "సార్, ఇది గూడ ఆకాశంకెల్లి చూసిందే. గీ గీత చూడుండ్రి. తారురోడ్డు కాడ మొదలై గీ చేను గట్టున ఆగింది. అడివిల ఎవ్వరు లేకుంటె ఈ బాట ఎవరికోసం?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. "పశువుల బాట అయి ఉంటుంది."

"పశువులు వాగుల రాళ్లు పరుస్తయా సార్? రెండు వరుసలు, లారీ చక్రాల ఎడం కొలిచి?"

ఆయన గుమాస్తాను కమలతో వాగు దాకా పంపాడు. ఆమె ఫొటోలు తీసుకుని వచ్చేసరికి ఒంటిగంటా పది. ఆయన రాసి, చదివి వినిపించాడు: "సాక్షి జ్ఞాపకముపై ఆధారపడి చెప్పినారు. మ్యాపునందు చేను వరకు పాత బాట కలదు. వచ్చే నెల మ్యాపుతో మరల సరిచూడవలెను."

నలభై ఏళ్ల కింద ఆ చేలో జొన్నకంకి కాల్చుకుని తిన్న మనిషిని, కందకం దిగి వచ్చి ఎదురుగా నిలబడితే, నా మాట జ్ఞాపకం. రాళ్ల ఫొటోల ఊసే లేదు. ఎనిమిది వేల డబ్బాలోని గీత ఆధారం. నాకు ఒళ్లు మండింది. సోమ్లా మాత్రం నన్ను ఒక్కటే అడిగాడు. "గా డబ్బాల మా తండా పేరున్నదా సారూ?"

"లేదు. బాట ఒక్కటే ఉన్నది."

"ఉండనీ," అన్నాడు. నాకు జొన్న గటక, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టించాడు.

కమల కందకం దాకా నాతో వచ్చి, ఎక్కడానికి చెయ్యిచ్చింది. మూడున్నరకు మళ్లీ బండెక్కాను. కొత్తగూడ, నర్సంపేట, ములుగు మీదుగా చీకటి పడేలోపే భూపాలపల్లి చేరాను. బస్టాండు దగ్గర గది తొమ్మిది వందలు, ఫ్యాను తిరుగుతుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు. ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. డబ్బా మీద కోపం చాలావరకు పోయింది. అది చూసింది చూసినట్టే చెప్పింది, దానికి కందకం తెలియదు. తవ్విన వాళ్లకు తెలుసు. చేతిలోని చిత్రాన్ని నమ్మి, ఎదురుగా కూర్చున్న ముసలాయన అరచేతుల్లోని కాయల్ని చూడని వాళ్ల మీద కోపం అలాగే ఉంది, ఉండాలనే అనుకుంటున్నాను.

మీకొక సలహా. గూడూరు దాటాక డబ్బా ఎడమకు తిరగమన్నా తిరగకండి, కొత్తగూడ దాకా తారురోడ్డు వదలకండి. ఎవరినైనా అడిగితే 'పోతదా' అనకుండా 'బండి పోతదా' అని అడగండి. అయినా పొరపాటున ఆ కందకం దగ్గరికి చేరితే నన్ను తిట్టుకోండి, డబ్బాను తిట్టుకోండి, మెల్లగా బండి తిప్పుకోండి. ఎంత మండినా 'ఈ దారి లేదు' అనే మీట మాత్రం నొక్కకండి. సోమ్లా తరఫున వాళ్లు నమ్మిన సాక్షి ఆ గీత ఒక్కటే.