వేలాడి చూడని తాడు

గోదావరి దాటించే తెరచాప పడవ కాకను తలచుకుంటే, తాడు పట్టుకుని నీళ్ల మీదికి వెల్లకిలా వాలిన ఆయన ఒళ్లే కళ్ల ముందు నిలుస్తుంది. జనం పట్టుకోవడానికి పడవ అంచుల వెంట కట్టే తాళ్లను ఏటా వానలకు ముందు తానే మార్చేవాడు. ప్రతి ముడికీ రేవులోనే బరువంతా వేసి వేలాడాకే జనాన్ని ఎక్కనిచ్చేవాడు.

నేను ఆ రేవు పనులు చూసే కొత్త ఓవర్సీరును. ఆ ఏడు జనపతాళ్లకు బదులు ఉక్కుతాడు తెచ్చిచ్చాను. పొడవు, మందం, మోసే బరువు కాగితం మీద రాసి చూపించాను. ఆయన దానికీ పాత ముడులే వేశాడు.

"జర మొండిగున్నది బిడ్డా, ముడికి వంగుతలేదు," అంటూ వేలాడబోయాడు.

"ఎందుకు కాకా? పది మందిని ఆపుతది."

"సదువుకున్నోనివి నువ్వు జెప్పినంక నాకేం ఫికర్!" అని నవ్వి ఊరుకున్నాడు.

వరదలో తెరచాప దించుతూ ఆ తాడుకు ఆనుకున్నాడు. తాడు తెగలేదు, ముడి జారిపోయింది. ఆయన మళ్లీ కనిపించలేదు.

కాగితం నా దగ్గరే ఉంది. అందులో లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ముడి సంగతే లేదు. ఆ రోజు వేలాడనిచ్చి ఉంటే, మోకాలిలోతు నీళ్లలో పడి నన్ను నాలుగు తిట్లు తిట్టేవాడు.