వానికీ ఒక కారణం ఉండాది

దండపాణి మామ దగ్గర ఎవరినీ తిట్టడానికి కుదరదు. నోరు తెరిచేలోగా ఆయన అవతలివాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. తమ ఊరు అత్తిమంజేరిపేటలో ఆపకుండా పోయిన బస్సు డ్రైవరు, పాలల్లో నీళ్లు కలిపే తంగమ్మ, ఎవరైనా సరే ఒకటే మాట: "వానికీ ఒక కారణం ఉండాది."

ఓసారి కుక్క ఆయన చెప్పు ఎత్తుకుపోయింది.

"దీనికేం కారణముండాది మామా?" అంది నివేద.

"ఒకటే ఎత్తుకపోయింది చూడు పాపా. రెండోది మనకే ఇడిసింది. ఆలోచన ఉండే కుక్క."

నివేద ఆయన అక్క కూతురు. సొంతూరు పొన్నేరి. తిరుత్తణి కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ చదువుతూ మామ ఇంట్లో ఉంటోంది. ఆ ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి మామది, రోజంతా ఆడుతుంది. రెండోది మామ తమ్ముడు ఆనంద్‌రాజ్‌ది, నాలుగు నెలలుగా బోసిగా ఉంది.

చీరలన్నీ అయిపోయినా పడుగును, అంటే నిలువు పోగులను, మొత్తం కోసేయరు. దువ్వెనలాంటి అచ్చులో పాత పోగుల కొసలు మిగిలిస్తారు. కొత్త పడుగును ఆ కొసలకే ఒక్కొక్కటిగా ముడేస్తారు. ఆనంద్‌రాజ్ మాత్రం ఒక్క పోగు కూడా మిగల్చకుండా లాగేసి, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. ఆ వీధిలో అది ఇంటికి నిప్పు పెట్టినంత పని. "వాడింక నా గడప తొక్కకూడదు" అని తల్లి కుప్పమ్మ అందరి ముందూ చెప్పేసింది.

అప్పుడే టీవీలో ఒక రౌడీ కుటుంబం సీరియల్ మొదలైంది. అందులో చిన్నకొడుకు సొంత తండ్రిని పోలీసులకు పట్టించి పారిపోతాడు. కుప్పమ్మ ఏడింటికే పడుకుంటుంది. అందుకని మామ ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోనులో ఒక్కడే చూసి, పొద్దున్నే నేస్తూ కథ చెప్పేవాడు. ఆమె రాట్నం తిప్పుతూ వినేది.

"ఆ దొంగనాయాలు నిన్న ఏం జేసినాడురా?"

"పావం, రైల్వే స్టేషన్లో కూర్చోనుండాడు మా. అన్నం గూడా తిన్లే."

"చావనీ."

"వానికీ ఒక కారణం ఉండాది మా."

"ఏం కారణం?"

"రేపు చూపిస్తారు."

ఆ రేపు మూడు నెలలు సాగింది. చిన్నోడు కూలిపని చేశాడు, జ్వరంతో పడుకున్నాడు, అమ్మ ఫొటో జేబులో పెట్టుకుని తిరిగాడు. మొదట్లో "చావనీ" అన్న కుప్పమ్మ రెండో నెలకు "తిన్నాడా?" అని అడగడం మొదలెట్టింది.

నివేదకు కాలేజీలో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు: నేర కుటుంబాల కథల్లో పాత్రలు ఎందుకు అలా చేస్తాయి, ఎలా మారతాయి. నివేద మురిసిపోయింది. సీరియల్ చూడాల్సిన పనే లేదు, మామ ఉన్నాడుగా! చిన్నోడి మార్పు మీద పన్నెండు పేజీలు రాసిచ్చింది.

చంద్రావతి మేడమ్ కాగితాలు తిరిగిచ్చింది. ఇరవై ఐదుకు ఐదు.

"చాలా బాగా రాసినావు మా. అయితే ఆ చిన్నోడు ఇరవయ్యో ఎపిసోడ్‌లోనే లారీ కింద పడి చచ్చిపోయినాడే. మిగతాదంతా యాడ చూసినావు?"

నివేద బస్సు దిగి నేరుగా మగ్గం దగ్గరికి పోయింది. మామను పెరట్లోకి లాక్కొచ్చింది.

"మామా! చిన్నోడు చచ్చి మూడు నెలలాయె!"

"మెల్లంగా పాపా. అమ్మకు ఇనపడితే వాణ్ణి మళ్లీ చంపేస్తాది."

"ఏంటికి చంపినారు వాణ్ణి?"

"పావం, వాళ్లకూ ఒక కారణం ఉంటాది. ఆ యాక్టరు వేరే సీరియల్‌కు పోయినాడేమో."

"మరి నువ్వు వాణ్ణి బతికించిందానికి నీకేం కారణం?"

ఊళ్లో అందరి కారణాలూ తెలిసిన మనిషి తలుపులోంచి లోపలికి, బోసి మగ్గం వైపు చూశాడు.

లోపలి నుంచి కుప్పమ్మ కేకేసింది. "రే పెద్దోడా! పొద్దున చెప్తివే, వాడు ఇంటికాడికి వచ్చినాడని. ఇంకా వాకిట్లోనే నిలబడుండాడా?"

మామ నివేద ముఖం చూశాడు. నివేద చేతిలోని పన్నెండు పేజీలను నాలుగు మడతలు పెట్టింది.

"ఆఁ అవ్వా, నిలబడుండాడు" అని అరిచింది. "ఎండలో."

రాట్నం ఆగింది.

"వాళ్లమ్మకు బుద్ధిలేదా? తలుపు తీసే మనిషే లేదా ఆ ఇంట్లో?"

 మళ్లీ తనే లోపల్నుంచి అంది. "ఆ ఫోను ఇట్ల తే, పెద్దోడా."

తల్లి ఫోను చేశాక, ఆదివారం ఆనంద్‌రాజ్ వచ్చాడు. ఎలా ఉన్నావని కూడా అడగకుండా కుప్పమ్మ మగ్గం చూపించింది. "లాగేసినోడే ఎక్కించల్ల."

వేల పోగులు. ఆమె ఒక్కొక్కటే అందిస్తుంటే, అతను అచ్చులోంచి దూర్చి లాగుతున్నాడు.

"నేసేది ఎవురు మా? నేను రేపు డ్యూటీకి పోవల్ల."

"ఎవురో ఒకరు నేస్తారు. పోగులు ఉండనీ." పోగు చేతిలోనే పట్టుకుని అడిగింది. "ఏంటికి లాగేసినావురా?"

"కొసలుంటే మళ్లీ వచ్చి కూర్చునేస్తానని భయమాయ మా."

మామ తన మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపేశాడు. "ఇంత మంచి కారణం పెట్టుకోని ముందే చెప్పలేదేందిరా? దినానికొకటి కల్పించలేక నా తల పగిలిపోయినాది!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

నివేద గబగబా మాట మార్చింది. "అవ్వా, సీరియల్లో చిన్నోడు లోపలికి వచ్చేసినాడు. ఇప్పుడు మగ్గం కాడ కూర్చోనుండాడు."

"రౌడీల ఇంట్లో మగ్గం యాడిదే?" అంది కుప్పమ్మ, ఇంకో పోగు అందిస్తూ.